పొట్టిక్కని ఇడ్లీ రేటుతో పోల్చకండి

"ఇడ్లీ పిండే కదా, ఆకులో పోస్తే ఇంత రేటా" అనే మాట వింటే నాకు ఒళ్ళు మండిపోద్దండి. మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు కోనసీమలో, అంబాజీపేటలో నాకిష్టమైన హోటల్లో పక్క బల్ల మీదాయన సరిగ్గా ఇదే మాటన్నాడు, అదీ పొట్టిక్కలు, అంటే పనసాకు బుట్టల్లో పిండి పోసి ఆవిరి మీద ఉడికించినవి, నెయ్యేసుకుని శుభ్రంగా లాగించేసి చెయ్యి కడుక్కుంటూ. పండగపూట గొడవెందుకని అక్కడ ఊరుకున్నాను, ఇక్కడ మాత్రం చెప్పాల్సిందే.

ఉద్యోగం హైదరాబాద్‌కి మారాక ఆ హోటల్‌కి వెళ్ళడమే కుదర్లేదు. ఈసారి రాజమండ్రిలో రైలు దిగి, దారిలో ఎక్కడా టిఫిన్ ముట్టకుండా, జొన్నాడ బ్రిడ్జి దాటి రావులపాలెం మీదుగా నేరుగా అక్కడికే. అదే రేకుల షెడ్డు, అవే బల్లలు. పొట్టిక్కలు, ఉప్మా పెసరట్టు, మినపరొట్టె, కాఫీ, అంతే. నూడుల్స్, మంచూరియా జోలికి హోటల్ వాళ్ళు పోలేదు, ప్రాణం లేచొచ్చింది నాకు. మినపరొట్టె అడుగు ఎర్రగా కరకరలాడుతూ లోపల మెత్తగా అలాగే ఉంది, దాని గురించి ఇంకోసారి రాస్తా.

అసలు విషయం ఆకు. వంటింటి పక్కన పిన్నిగారొకావిడ పీటేసుకుని బుట్టలు కుడుతున్నారు, పక్కనే పనసాకుల కట్ట, కొబ్బరి ఈనెలు. నాలుగాకులు తీసుకుని, తడిగుడ్డతో తుడిచి, మధ్యలో ఒకదాని మీదొకటి పేర్చి అంచులు పైకి లేపి చిన్న చిన్న ఈనె ముక్కలు గుచ్చితే బుట్ట నిలబడుతుంది. ఆవిడ మనతో మాట్లాడుతూనే చేసేస్తారు, చెయ్యి చూసుకోరు కూడా. ఏ ఆకైనా పర్లేదా అండి అనడిగితే, "ఆయ్, లేతాకైతే వేడికి వాలిపోద్దండి, మరీ ముదురుదైతే మడిచినప్పుడే విరిగిపోద్దండి, చూసి కోసుకోవాలండి" అన్నారు. అంటే చెట్టు దగ్గర్నుంచే పని మొదలు. పిండిలో ఇడ్లీకీ దీనికీ పెద్ద తేడా లేదు నిజమే, మినప్పప్పూ రవ్వే. కానీ ఇడ్లీ రేకుని కడిగి మళ్ళీ వాడుకోవచ్చు, ఈ బుట్ట ఒక్క వాయికే. ఆకు గోడ దాటి ఆవిరి లోపలికి పోవాలి కాబట్టి ఉడకడానికీ ఎక్కువసేపే పడుతుంది. గ్యాసు, ఆకు, ఆవిడ చేతి పని, ఇవన్నీ ఎవరిస్తారండి ఊరికే?

పొయ్యి మీంచి దించాక పచ్చగా ఉన్న ఆకు గోధుమరంగుకి తిరిగి ఉంటుంది. ఈనె లాగి ఆకు విప్పితే పొట్టిక్క ఒంటి నిండా ఆకు గీతలు అచ్చుపడి ఉంటాయి, ఆ వాసన అప్పుడు లేస్తుంది చూడండి. అందులో కాస్త నెయ్యి, అల్లం పచ్చడి, కొబ్బరి చట్నీ. అంబాజీపేట కొబ్బరి మార్కెట్టు ఊరు కదా, ఇక ఆ చట్నీ గురించి నేను చెప్పేదేముంది.

హైదరాబాద్‌లో ఒక పెద్ద హోటల్లో ఇదే పేరుతో పెడితే ఆశగా ఆర్డరిచ్చాను. స్టీలు గిన్నెలో ఉడికించేసి కింద ఒక పనసాకు పరిచి తెచ్చారు, ఆకు చల్లగా ఉంది. అక్కడ ఇంతకి ఎన్నో రెట్లు బిల్లు కట్టేటప్పుడు మాత్రం ఎవరూ కిక్కురుమనరు! కర్ణాటకలో ఉడిపి, మంగుళూరు వైపు కూడా పనసాకు బుట్టల్లో ఇలాంటివే వండుతారు, అక్కడ కొట్టె కడుబు అంటారు, పండగలకి ప్రత్యేకంగా చేసుకుంటారు. మనకి పొద్దున్నే రోడ్డు పక్కన వేడివేడిగా దొరుకుతుంటే బేరాలాడుతున్నాం.

బుట్ట కుట్టే చేతికి గిట్టకపోతే వాళ్ళూ స్టీలు గిన్నెలకి మారిపోతారండి, తప్పు వాళ్ళది కాదు. నేనైతే ఇంకో రెండు పార్సిల్ కట్టించుకున్నాను, ఆకుతో సహా. మీరు కోనసీమ వైపు వెళ్తే పొద్దున్నే వెళ్ళండి, ఎండెక్కేసరికి బుట్టలు అయిపోతాయి, సాంబారు అడక్కండి, అల్లం పచ్చడితో తినండి, వాళ్ళు చెప్పిన రేటు ఇచ్చి రండి.