పత్తి గొలుసు రైతు దాకా రావాలి

మహారాష్ట్రలోని రాజురా, కిన్వట్ వైపు పత్తి సీజన్‌లో తెల్లవారక ముందే పత్తి నుంచి గింజ వేరుచేసే జిన్నింగ్ మిల్లు గేటు ముందు బండ్లు బారులు తీరతాయి. 1956 దాకా ఈ రెండు తాలూకాలూ ఆదిలాబాద్ జిల్లావే. ఆ వరుసలో ఇప్పటికీ మరాఠీతో పాటు తెలుగూ గట్టిగా వినిపిస్తుంది. తేమ మీటర్ పత్తిలో దిగేటప్పుడు మాత్రం మాటలు ఆగిపోతాయి. తేమ 8 శాతం లోపుంటేనే కేంద్ర ప్రభుత్వ పత్తి కొనుగోలు సంస్థ సీసీఐ పూర్తి మద్దతు ధర ఇస్తుంది. ఆపైన ఒక్కో శాతానికీ కోత. 12 దాటితే బండి వెనక్కి తిప్పాల్సిందే. 2025-26లో పొడుగు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు కాబట్టి, మీటర్ ఒక్క శాతం ఎక్కువ చూపిస్తే రైతుకు క్వింటాకు 81 రూపాయలు పోయినట్టే.

ఆ పత్తిని ఆడించి, దూదిని 170 కిలోల బేలుగా కట్టాక దానికి క్యూఆర్ కోడ్ అతికిస్తారు. సీసీఐ బ్లాక్‌చెయిన్‌తో నడుపుతున్న 'బిట్స్' పద్ధతిలో ఆ కోడ్ స్కాన్ చేస్తే పత్తిని ఏ ఊరిలో కొన్నారు, ఏ మిల్లులో ఆడించారు, బేలు ఎప్పుడు అమ్మారు అన్నవి తెలుస్తాయి. భారత పత్తికి పెట్టిన బ్రాండ్ 'కస్తూరి కాటన్'కూ ఇలాంటి ఏర్పాటే ఉంది. మంచిదే. కానీ ఆ వివరాల్లో ఊరి పేరుంది, రైతు పేరు లేదు. నా బాధ అక్కడే.

బ్లాక్‌చెయిన్ అంటే నమోదుల గొలుసు. అందులో లెక్కల పుస్తకం ఒక్కరి చేతిలో ఉండదు, ఒకే కాపీ చాలా చోట్ల ఉంటుంది. ప్రతి నమోదులోనూ అంతకు ముందు నమోదు తాలూకు గుర్తు ఉంటుంది. వెనక ఎక్కడైనా ఒక అంకె దిద్దితే మిగతా కాపీలన్నీ పట్టిచ్చేస్తాయి. అయితే రాసింది చెరగకుండా కాపాడటమే దాని పని, రాసింది నిజమో కాదో దానికి తెలియదు. 2020లో సేంద్రియ వస్త్రాల ప్రమాణాలు చూసే గాట్స్ సంస్థ మన దేశంలో 20 వేల టన్నుల పత్తికి దొంగ సేంద్రియ పత్రాలు పుట్టాయని బయటపెట్టింది. వాటి మీదా క్యూఆర్ కోడ్‌లున్నాయి. స్కాన్ చేస్తే కేంద్ర ప్రభుత్వ వ్యవసాయ ఎగుమతుల సంస్థ అపెడా సైట్‌ను పోలిన నకిలీ సైట్ తెరుచుకునేది.

మా మేనమామ కోర్పనా దగ్గర కౌలుకు పత్తి వేస్తాడు. సాత్‌బారా, అంటే మహారాష్ట్ర భూమి రికార్డు, మీద ఉండేది భూమి యజమాని పేరే. కాబట్టి పత్తి అమ్మిన చీటీ ఆయన పేరునే, డబ్బు పడేదీ ఆయన ఖాతాలోనే. అది చేతికొచ్చే దాకా మామయ్యకు టెన్షన్. అర్జెంటుగా డబ్బు కావలసిన ఏడాది ఊళ్లోని వ్యాపారికే అమ్మేస్తాడు. ఆ వ్యాపారి నాలుగైదు ఊళ్ల పత్తి, ఒక్కోసారి పెన్‌గంగ నది అవతలి పత్తి కూడా, ఒకే లారీకెత్తుతాడు. ఒక బేలుకు దాదాపు 5 క్వింటాళ్ల పత్తి పడుతుంది. మిల్లు కుప్పలో కలిశాక ఎవరి పత్తి ఏదో ఎవరూ చెప్పలేరు. అప్పుడు మొదటి నమోదే తప్పు. ఆ తప్పును చెరగని అక్షరాలతో రాసి దాచిపెడితే ఎవరికి మేలు?

అందుకే గొలుసు బేలు దగ్గర కాదు, కాంటా దగ్గర మొదలుకావాలి. తూకం, తేమ మీటర్ చూపిన అంకె, కోత, ధర మనిషి టైపు చేయకుండా యంత్రం నుంచే నేరుగా నమోదవ్వాలి. భూమి ఎవరిదన్న గడి పక్కనే పండించింది ఎవరన్న గడి కూడా ఉండాలి. ఆ వివరాలు తెలుగులోనో మరాఠీలోనో రైతు ఫోన్‌కు వచ్చి, ఆయన సరే అన్నాకే ముద్ర పడాలి. కుప్పలు విడిగా ఉంచడం మిల్లులకు ఖర్చే, ఒప్పుకుంటాను. కొన్నప్పటి లెక్క రైతుకు చూపించడానికి మాత్రం అంత ఖర్చేమీ కాదు.

ఓడ సరుకుల కోసం మేర్స్క్, ఐబీఎం 2018లో తెచ్చిన బ్లాక్‌చెయిన్ వేదిక ట్రేడ్‌లెన్స్ 2023లో మూతపడింది. సాంకేతికత పనిచేసింది, కానీ పరిశ్రమ అంతా కలిసి రాలేదు. పత్తి రైతూ అంతే. తనకు పైసా లాభం లేని గొలుసులో ఎందుకు చేరతాడు? కోత ఎంత పడిందో మామయ్య ఫోన్‌లో కనబడి, అది తప్పని చూపించే దారి ఆయనకు ఉంటే, ఆ బండ్ల వరుసలో అందరికంటే ముందు ఆయనే పేరు రాయించుకుంటాడు.