‘ట్రాక్ 01’ పాడిందెవరు?

కొన్నేళ్ల కిందట మా ఇంట్లోని పాత క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. టేపు పాడైపోకముందే పాటలు దక్కించుకోవాలన్న తొందరలో ఒక్కో వైపునూ రికార్డు చేసి, పాటలుగా కోసి, ‘సైడ్ ఏ 01’, ‘సైడ్ ఏ 02’ అంటూ పేర్లు పెట్టుకుపోయాను. పని అయ్యాక క్యాసెట్లతోపాటు వాటి డబ్బాల్లోని అట్టకాగితాలు కూడా పారేశాను. పాటల వరస, పాడినవారి పేర్లు చేత్తో రాసి ఉన్నది ఆ కాగితాల మీదే. ఇవాళ పాటలన్నీ నా దగ్గర భద్రంగా ఉన్నాయి. వాటిలో సగం ఎవరు పాడారో చెప్పగలిగినవాళ్లు మాత్రం ఎవరూ లేరు.

అప్పటి నుంచి నాదొకటే మాట. పాట వివరాలు పాట ఫైల్ లోపలే ఉండాలి. ఫోల్డర్ పేరులోనో, యాప్ జాబితాలోనో, మన గుర్తులోనో ఉంటే చాలదు. ఫోల్డర్ పేరు కాపీ చేసేటప్పుడు మారిపోతుంది, యాప్ జాబితా ఫోన్ మార్చగానే పోతుంది. ఫైల్‌లో రాసింది ఒక్కటే ఫైల్ వెంట వెళ్తుంది. ఇలా ఫైల్‌లో రాసే వివరాలనే ట్యాగులు అంటారు. ట్యాగులు పెట్టడం తీరిక ఉన్నవాళ్ల ముచ్చట అని చాలామంది అనుకుంటారు. నాకది పాట చేసినవాళ్లకు మనం తీర్చాల్సిన బాకీలా కనిపిస్తుంది.

ఈ ఇబ్బంది డిజిటల్ సంగీతంతోపాటే పుట్టింది. 1982లో ఆడియో సీడీ మార్కెట్‌లోకి వచ్చినప్పుడు అందులో పాటల పేర్లకు చోటే లేదు. ఎన్ని ట్రాకులున్నాయి, ఏది ఎక్కడ మొదలవుతుంది అన్న పట్టిక మాత్రమే ఉండేది. పేర్లన్నీ అట్ట మీద, లోపలి చిన్న పుస్తకంలో. అందుకే సీడీని కంప్యూటర్‌లోకి ఎక్కించగానే ‘ట్రాక్ 01’ ప్రత్యక్షమయ్యేది. 1990లలో టి కాన్, స్టీవ్ షెర్ఫ్ ఒక ఉపాయం పట్టారు. ఆ పట్టికలోని అంకెలనే డిస్కుకు వేలిముద్రలా వాడి, ఇంటర్నెట్‌లో పేర్లు వెతికిపెట్టే సీడీడీబీని తయారుచేశారు. అందులోని పేర్లు వేలాదిమంది శ్రోతలు తమంతట తాము టైపు చేసినవి. తర్వాత అది గ్రేస్‌నోట్ పేరుతో వ్యాపారమైంది. తమ చేతి కష్టానికి ఇలా తలుపులు పడటం ఇష్టం లేని రాబర్ట్ కే వంటివారు, ఎవరైనా వాడుకోగల మ్యూజిక్‌బ్రెయిన్జ్ అనే డేటాబేస్‌ను మొదలుపెట్టారు. ఈనాటికీ ఎన్నో ట్యాగింగ్ సాఫ్ట్‌వేర్లు వివరాలు తెచ్చుకునేది అక్కడి నుంచే.

ఎంపీ3 సంగతీ అంతే. ఆ ఫార్మాట్‌ను రూపొందించినవాళ్లు శబ్దాన్ని కుదించడం మీదే దృష్టి పెట్టారు, పేర్ల ఊసు లేదు. 1996లో ఎరిక్ కెంప్ ఫైల్ చివర 128 బైట్ల తోక తగిలించాడు. అదే ఐడీ3 ట్యాగ్. పాట పేరుకు 30 బైట్లు, కళాకారుడికి 30, ఆల్బమ్‌కు 30, వ్యాఖ్యకు 30, సంవత్సరానికి 4, ఏ రకం సంగీతమో చెప్పడానికి 1, మిగిలిన 3 ట్యాగ్ అన్న గుర్తుకు. ప్రపంచంలోని సంగీతమంతా మొదట 80 రకాల జాబితాలో ఒదగాల్సి వచ్చింది. ఇక లిపి మాట. అక్షరాలను బైట్లుగా మార్చడానికి ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు రాస్తే ‘శ్రీ’ అన్న ఒక్క అక్షరానికే 12 బైట్లు పడతాయి. 30 బైట్లలో అలాంటి అక్షరాలు మూడు కూడా పట్టవు.

1998లో వచ్చిన రెండో తరం ఐడీ3 ఈ ఇరుకును పోగొట్టింది. ట్యాగ్ ఫైల్ మొదటికి వచ్చింది. 256 మెగాబైట్ల దాకా పెరగగలదు. స్వరకర్తకు, గీత రచయితకు, పాట సాహిత్యానికి వేర్వేరు గడులు వచ్చాయి. బొమ్మలకైతే 21 రకాలు పెట్టారు: ముందు అట్ట, వెనక అట్ట, లోపలి కరపత్రం, స్వరకర్త ఫొటో, చివరికి గీత రచయిత ఫొటో కూడా. ఇంత చోటు చేతికిచ్చినా మనం నింపేది పాట పేరు, గాయకుడి పేరు, అంతే. ప్లేయర్లు కూడా ఆ రెండింటినే చూపిస్తాయి గనక మిగతావి ఉన్నా లేకపోయినా ఒకటే అనిపిస్తుంది. రాసినవాడి పేరు ముందుగా మాయమయ్యేది ఇక్కడే.

అసలు ‘ఆర్టిస్ట్’ అన్న గడిలో ఎవరి పేరు రాయాలి? సొంతంగా రాసుకుని పాడుకునే బృందాన్ని దృష్టిలో పెట్టుకుని చేసిన గడి అది. సినిమా పాటకు స్వరం ఒకరిది, మాట ఒకరిది, గొంతు మరొకరిది. శాస్త్రీయ సంగీత కచేరీలో కృతి చేసిన వాగ్గేయకారుడు వేరు, పాడుతున్న విద్వాంసుడు వేరు, పక్క వాద్యాలవాళ్లు వేరు. నేను పాటించే పద్ధతి ఇది: ఆర్టిస్ట్ గడిలో పాడినవారు, కంపోజర్ గడిలో స్వరపరచినవారు, లిరిసిస్ట్ గడిలో రాసినవారు. ఒకే ఆల్బమ్‌లో గాయకులు మారుతుంటే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ గడి తప్పక నింపాలి, అన్ని పాటలకూ ఒకే పేరు, ఒకే స్పెల్లింగ్‌తో. అది ఖాళీగా వదిలేస్తే చాలా ప్లేయర్లలో పన్నెండు పాటల ఆల్బమ్ ఆరేడు ముక్కలై చెల్లాచెదురవుతుంది.

నాకు నిజంగా కోపం తెప్పించేది ఇంకొకటి. అనుమతి లేకుండా పాటలు పంచే సైట్లు తమ చిరునామాను ప్రతి గడిలోనూ గుద్దేస్తాయి. పాట పేరు పక్కన సైట్ పేరు, ఆల్బమ్ పేరు పక్కన సైట్ పేరు, గీత రచయిత ఉండాల్సిన చోటా అదే. అట్ట బొమ్మ మీద అడ్డంగా లోగో. పాటను దొంగిలించడం ఒక తప్పు. దాన్ని చేసినవాళ్ల పేరు చెరిపి సొంత పేరు రాసుకోవడం ఇంకో తప్పు. అలాంటి ఫైళ్లు చేతులు మారుతూ మారుతూ ఏళ్ల తర్వాత ఎవరి దగ్గరో అదే ఏకైక ప్రతిగా మిగిలితే, ఆ పాటకు కర్తగా ఆ సైటే కనిపిస్తుంది.

వివరాలు ఆటోమేటిగ్గా నింపే సాధనాలు ఇప్పుడు బాగా ఎదిగాయి. మ్యూజిక్‌బ్రెయిన్జ్ వారి పికార్డ్ అనే సాఫ్ట్‌వేర్, అకౌస్ట్‌ఐడీ పద్ధతిలో పాట ధ్వనినే పోల్చి అదేమిటో చెప్పగలదు. ఫైల్ పేరు ‘001’ అని ఉన్నా ఫరవాలేదు. అయితే దాని మాట యథాతథంగా తీసుకోకూడదు. ఒకే రికార్డింగ్ పది సంకలనాల్లో ఉంటుంది. సాధనం వాటిలో ఏదో ఒకదాన్ని పట్టుకుంటే పాత పాటకు సంకలనం విడుదలైన ఏడాది వచ్చి కూర్చుంటుంది. సంవత్సరం తప్పితే పాట చరిత్రే తప్పుతుంది. అందుకే ఒకేసారి వందల ఫైళ్లు ఎంచుకుని ‘సేవ్’ నొక్కేయడం నాకు భయం. ఒక్కో ఆల్బమ్ చొప్పున, కళ్లతో చూసుకుంటూ చేయడమే మేలు.

లిపి విషయంలోనూ అంతే జాగ్రత్త అవసరం. ఐడీ3లో 2.3 వెర్షన్ యూటీఎఫ్-16ను, 2000లో వచ్చిన 2.4 వెర్షన్ దానితోపాటు యూటీఎఫ్-8నూ ఒప్పుకుంటాయి. పాత పరికరాలు కొన్ని 2.3నే చదువుతాయి. తప్పుడు సంకేతంలో చదవడం వల్ల పిచ్చి అక్షరాలు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు, అసలు బైట్లు లోపల ఉన్నంతకాలం తిరిగి రాబట్టవచ్చు. ఆ అక్షరాలను ఏదైనా సాఫ్ట్‌వేర్ ప్రశ్నార్థకాలుగా మార్చి సేవ్ చేసిందంటే మాత్రం పేరు పోయినట్టే.

ఇక అట్ట బొమ్మ. రికార్డులకు బొమ్మల అట్టలు వేయడాన్ని ఒక కళగా నిలబెట్టినవాడు కొలంబియా రికార్డ్స్‌లో పనిచేసిన అలెక్స్ స్టైన్‌వైస్. అంతకుముందు రికార్డులు ఎక్కువగా సాదా కాగితపు అట్టల్లోనే వచ్చేవి. 1948లో ఎల్పీ (ఎక్కువసేపు పాడే పెద్ద రికార్డు) వచ్చాక ఆ బొమ్మకు 12 అంగుళాల జాగా దొరికింది, సీడీతో అది అయిదు అంగుళాలకు దిగింది, ఫోన్‌లో గోరంత అయింది. అయినా వందల ఆల్బమ్‌ల మధ్య కావలసినదాన్ని కన్ను పట్టేది బొమ్మతోనే, అక్షరాలతో కాదు. సైజు దగ్గర మాత్రం అతి వద్దు. 128 కేబీపీఎస్‌లో (సెకనుకు 128 కిలోబిట్లు) నాలుగు నిమిషాల పాట సుమారు 3.8 మెగాబైట్లు. దానిలో 3 మెగాబైట్ల బొమ్మ దూర్చితే ఫైల్ దాదాపు రెట్టింపవుతుంది. పన్నెండు పాటలకు అదే బొమ్మ పన్నెండు ప్రతులు. వెయ్యి పిక్సెళ్ల చదరపు జేపీజీ చాలు. పెద్ద ప్రతి ఉంటే అదే ఫోల్డర్‌లో విడిగా దాచుకోవచ్చు.

ట్యాగులు మారిస్తే ధ్వని దెబ్బతింటుందేమో అని అడిగేవాళ్లు ఉన్నారు. ట్యాగింగ్ సాఫ్ట్‌వేర్ శబ్దాన్ని మళ్లీ కుదించదు, పక్కన ఉన్న సమాచారాన్నే మారుస్తుంది. ధ్వనిలో ఏదీ పోకుండా కుదించే ఫ్లాక్ ఫైల్‌లోనైతే అసలు ధ్వనికి వేలిముద్రలాంటి ఎండీ5 గుర్తు లోపలే ఉంటుంది. ట్యాగులు ఎన్నిసార్లు మార్చినా, ధ్వని చెక్కుచెదరలేదని దానితో సరిచూసుకోవచ్చు. అయినా ముందు ఒక కాపీ తీసి పెట్టుకోండి.

అన్నీ స్ట్రీమింగ్‌లో ఉంటే ఈ శ్రమంతా ఎందుకని మీరు అడగవచ్చు. అక్కడ కనిపించే పేర్లు కూడా ఎవరో నింపి పంపిన గడులే. తప్పుంటే వినేవాడు దిద్దలేడు. పైగా మన ఇళ్లలోని రికార్డింగులు, చిన్న కచేరీలు, ఎప్పుడూ విడుదల కాని పాటలు ఏ డేటాబేస్‌లోనూ లేవు. వాటి ధ్వనిని ఏ సాధనమూ పోల్చలేదు. పేరు తెలిసిన మనిషి ఉండగానే రాసుకోవాలి.

నా క్యాసెట్లలో ఒకదాని అట్టకాగితం ఈమధ్య ఒక పుస్తకంలో దొరికింది. దాన్ని రెండు వైపులా ఫొటో తీసి, ఆ పాటలన్నిటికీ ముందు అట్టగా, వెనక అట్టగా పెట్టాను. సిరా పాలిపోయినా చేతిరాత చదవడానికి వస్తోంది. మిగతావాటిలో గాయకుడి పేరు ఊహించి రాయలేదు. ఆ గడి ఖాళీగా ఉంచి, వ్యాఖ్య గడిలో తెలిసినంత రాశాను: ఏ రంగు క్యాసెట్, ఏ వైపు, ఎన్నో పాట, ఎవరి నుంచి వచ్చింది. చుట్టాలెవరైనా ఇంటికొస్తే ఆ పాటలు వినిపిస్తున్నాను. ఇప్పటికి మూడు పేర్లు తెలిశాయి.