ధర్నా చౌక్‌కు రాయల్టీ ఇప్పించండి

ఐక్యరాజ్యసమితి మన విద్య ఒకటి కాజేసింది. ఈ మాట ఊరికే అనడం లేదు, రుజువులున్నాయి.

అలంకార్ సెంటర్ దగ్గర ధర్నా చౌక్ బెజవాడలో అందరికీ తెలిసిందే. టెంటు వేసుకోవచ్చు, మైకు పెట్టుకోవచ్చు, ఎవరి మీద కోపమో వాళ్ల చెవిన పడనంత దూరంలో గొంతు చించుకోవచ్చు. ఇందిరా పార్కు మాదే ముందని హైదరాబాద్ వాళ్లంటారు. ఆ తగువు తర్వాత తేల్చుకుందాం.

2022లో ఈజిప్టులోని షర్మ్ అల్ షేక్‌లో కాప్-27, అంటే ఐక్యరాజ్యసమితి ఏటా ఒక్కో దేశంలో పెట్టే వాతావరణ సదస్సు, జరిగింది. నిరసనకారులకి హాలుకు దూరంగా, ఎడారి రోడ్డు పక్కన కాస్త జాగా చూపించారు. పక్కనే కాఫీ షాపులు కూడా ఉంటాయని అక్కడి గవర్నరు ముందే ఊరించాడు. మన చౌక్ దగ్గర దొరికేది బజ్జీల బండి, అదీ దాని పుణ్యం బాగుంటేనే. కాఫీ విషయంలో వాళ్లే ఓ మెట్టు పైనున్నారు, ఒప్పుకుంటాను. తక్కినదంతా మన నకలే.

లోపలి మర్యాదలు ఇంకా ముచ్చటైనవి. నిరసనకి ముందుగా అర్జీ పెట్టుకోవాలి. ప్లకార్డు మీద ఏ దేశాన్నీ, ఏ మనిషినీ పేరు పెట్టి అనకూడదు. ఇంట్లో దొంగలు పడ్డారని అరవొచ్చు గానీ, దొంగ ఎదురుగా కూర్చున్నా వాడి పేరు ఎత్తరాదు. 2024లో ఇదే సదస్సు అజర్‌బైజాన్‌లోని బాకూలో జరిగితే, నినాదాలకి వీల్లేక కుర్రకారు మూగనోము పట్టినట్టు పెదాలు బిగించి, తుమ్మెదల్లా రొద చేసి, చిటికెలు వేశారు. అంతకు ముందేడు దుబాయ్‌లో మణిపూర్ అమ్మాయి, పన్నెండేళ్ల పిల్ల, ప్లకార్డు పట్టుకుని వేదిక మీదికి ఎక్కేసింది. సభ చప్పట్లు కొట్టింది. తర్వాత తన బ్యాడ్జీ లాగేసుకున్నారని ఆ పిల్ల చెప్పింది. సన్మానం, సాగనంపడం ఒకే పూటలో.

అలాగని అందరికీ తలుపులు మూసేశారని అపార్థం చేసుకోకండి. అదే దుబాయ్‌లో బొగ్గు, చమురు, గ్యాసు తరఫున మాట్లాడేవాళ్లు 2,456 మంది తేలారని ప్రచార సంఘాలు లెక్కగట్టాయి. సదస్సు అధ్యక్షుడు కూడా చమురు కంపెనీ పెద్దే. బాకూలో వాళ్ల లెక్క 1,773. వాతావరణ ముప్పు ఎక్కువున్న పది దేశాల ప్రతినిధులందరినీ కలిపినా 1,033 మందే. దసరాల్లో కొండ మీద వీఐపీ లైను చూసి రుసరుసలాడేవాళ్లు ఇది చూస్తే అమ్మవారికి లెంపలేసుకుంటారు. మన దగ్గర వీఐపీలు దర్శనానికే వస్తారు, అక్కడ మూలవిరాట్టు పక్కనే పీట వేసుకుంటారు.

ఇదంతా సింగ్‌నగర్‌లో మా బాబాయికి చెప్పాను. 2024 సెప్టెంబరు 1న బుడమేరు ఆయన ఇంట్లోకి వచ్చింది. గోడ మీద మెడ ఎత్తున మట్టి గీత ఇంకా ఉంది. సున్నం వేయించలేదు, వేయనివ్వడు. ఆ పాపంలో గండి పడ్డ కట్టలూ కబ్జాలూ వాటాదార్లే. ఆకాశం వాటా ఎంతో అడగాలని ఆయన కోరిక.

“నేనెళ్లి చెప్తే వింటారంట్రా?”

నీ అంతట నువ్వు వెళ్లడానికి లేదు బాబాయ్, గుర్తింపున్న సంస్థ పంపాలి, ఆ సంస్థకి ఇన్ని బ్యాడ్జీలని కోటా ఉంటుంది, తర్వాత వీసా, టికెట్టు, గది. 2025లో బ్రెజిల్‌లోని బెలేంలో గదులు చాలక, ఉన్నవాటి అద్దెలు ఆకాశాన్నంటి, బస కోసం ఏకంగా ఓడలు తెప్పించారు అన్నాను.

“ఓడలు తెప్పించారా! నేను డాబా మీద రెండ్రోజులు కూర్చుంటే పడవ రాలేదు. డ్రోన్ వచ్చి పులిహోర పొట్లం వేసి పోయింది.”

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత లోపలికెళ్లి ఫ్రిజ్ అట్టపెట్టె చించి తెచ్చి, దాన్ని గోడకి ఆనించి, మట్టి గీత ఉన్న ఎత్తునే స్కెచ్ పెన్నుతో అడ్డంగా ఒక గీత గీశాడు. కింద తేదీ వేశాడు.

“పేర్లుండకూడదన్నావుగా. ఇందులో ఏ దేశమూ లేదు. ఒప్పుకుంటారా?”

గీతకి ఇబ్బంది లేకపోవచ్చు, తేదీ సంగతే అర్జీ పెట్టి కనుక్కోవాలి అన్నాను.