క్యారేజ్ రిటర్న్

నల్లగొండలోని మా ప్రైవేటు కాలేజీ ల్యాబులో 24 లినక్స్ కంప్యూటర్లున్నాయి. విద్యార్థుల ఫైళ్లను రోజూ సాయంత్రం బ్యాకప్ తీయడానికి నేనొక షెల్ స్క్రిప్టు, అంటే వరుసగా నడిచే కమాండ్ల ఫైలు, రాశాను. దాన్ని ప్యాకేజీగా, ప్రోగ్రాములు పంచుకునే సైటైన గిట్‌హబ్‌లో పెడితే, అలాంటి స్క్రిప్టులను దించిపెట్టే బాషర్ అనే ప్రోగ్రాము సాయంతో ఒక్కో కంప్యూటరులో ఒక్క కమాండుతో దించుకోవచ్చునని హైదరాబాదులో ఉద్యోగం చేసే మా బామ్మర్ది సెలవిచ్చాడు. అతని దృష్టిలో లోకంలో సింపుల్ కానిదేదీ లేదు.

నిన్న ప్రిన్సిపాల్ గారి సమక్షంలో ‘బాషర్ ఇన్‌స్టాల్’ కొట్టాను. ప్యాకేజీ దిగింది, ‘బాషర్ లిస్ట్’లో దాని పేరూ కనిపించింది. తీరా స్క్రిప్టును నడిపితే, ‘బాష్ బ్యాక్‌స్లాష్ ఆర్’ అనే ఫైలేదీ లేదని జవాబొచ్చింది. స్క్రిప్టు మొదటి వరుసలో నేను అడిగింది దాన్ని నడిపే బాష్ అనే ప్రోగ్రామును మాత్రమే; ఆ తోక ఎక్కడిదో తెలియక స్క్రిప్టు తెరిచి, కళ్లద్దాలు తుడుచుకుని మరీ మొదటి వరుస చూశాను. అక్కడ తోకా లేదు, ఆర్ అక్షరమూ లేదు. పక్క కంప్యూటరులో ప్రయత్నించాను, ఆ పక్కదానిలో ప్రయత్నించాను; అన్నీ బడిపిల్లలు ఎక్కం అప్పజెప్పినట్టు అదే మాట అన్నాయి. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకుని, ఏమీ అనకుండా వెళ్లిపోయారు. ఏమైనా అని ఉంటేనే బాగుండేది.

బామ్మర్దికి ఫోను చేసి స్పీకరులో పెట్టాను. “క్యారేజ్ రిటర్న్ ఉన్నది బావా, తీసేయ్, గంతే. సింపుల్!” అని పెట్టేశాడు. తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు ఆ మాట విని, నా బల్ల వైపు ఒకసారి చూశాడు.

సిగ్గుపడవలసిన సంగతేమిటంటే, ఒకప్పుడు క్లాక్ టవర్ దగ్గర టైపు నేర్చుకుని లోయరు పాసైనవాణ్ణి నేను. వరుస చివర గంట మోగగానే మీట తోసి, క్యారేజీని మళ్లీ మొదటికి తెచ్చిన చేతులివి. ఆ తోపుడునే విండోస్ ఇప్పటికీ కంటికి కనిపించని అక్షరంగా ప్రతి వరుస చివరా పెడుతుంది, దాని వెంట కొత్త వరుస గుర్తునూ పెడుతుంది. లినక్స్‌కు రెండోది చాలు. మొదటిదాన్ని అది బాష్ పేరులో భాగమనుకుంటుంది. నేను స్క్రిప్టును ఆఫీసు కంప్యూటరులో నోట్‌ప్యాడ్‌లో రాసి, బ్రౌజరు నుంచే అప్‌లోడ్ చేశాను. విండోస్‌లో గిట్ అనే ప్రోగ్రాము వేసుకుని, ఫైలును దానితో పంపి ఉంటే, మామూలు సెట్టింగులోనే అది ఆ అక్షరాన్ని తీసివేసేదట. ఈ ముక్క ముందే చెప్పడం మాత్రం ఆ మహానుభావుడికి సింపుల్ కాలేదు.

ఆ అక్షరాన్ని తీసేసే ‘డాస్ టు యునిక్స్’ కమాండు నడిపి, ఫైలు మళ్లీ పెట్టి, ‘బాషర్ అప్‌గ్రేడ్’ కొడితే పని అయిపోయింది.

ఒంటిగంటకు ప్రిన్సిపాల్ గారు చేతులు కడుక్కుని వచ్చి, నా బల్ల మీద పెట్టిన తన నాలుగు గిన్నెల క్యారేజీ ఏదని అడిగారు. అటెండరు అప్పుడే పానగల్లులోని వారి ఇంటి నుంచి సైకిలు మీద తిరిగొచ్చి చెమట తుడుచుకుంటున్నాడు.

“తీసేయ్, రిటర్న్ అన్నరు గద సార్. అమ్మగారికి ఇచ్చొచ్చిన.”