ముందు మెడ వైపే ఎందుకు చూస్తారు?

గైనిక్ ఓపీ చీటీలో పేరు, వయసు తర్వాత ఒక గడి: భర్త లేదా తండ్రి పేరు. హనుమకొండలోని ఓ ఆసుపత్రిలో కౌంటర్ దగ్గరున్నామె ఆ గడి దగ్గర పెన్ను ఆపి, ఎదురుగా నిలబడ్డ ఇంటర్ పిల్ల మెడ వైపు చూసింది. "పెండ్లయిందా?" వెనక లైన్‌లో ఇరవై మంది దాకా ఉన్నారు. పక్కనున్న చిన్నమ్మ గొంతు తగ్గించి "నెల తప్పిందమ్మా" అంది. "పెండ్లి గాకుండనే?" అన్న కౌంటర్ ఆమె మాత్రం గొంతు తగ్గించలేదు. పిల్ల చీటీ తీసుకోకుండానే బయటికి నడిచింది. వాళ్లకు తోడుగా వెళ్లాను కాబట్టి ఇది నేను కళ్లారా చూసిందే.

అంతకు కాసేపటి ముందు అదే కౌంటర్‌కు పుస్తెలతాడుతో ఒక అమ్మాయి వచ్చింది. వయసులో ఈ పిల్లకంటే పెద్దదిలా ఏమీ లేదు. ఆమెతో "మొదటి కాన్పా బిడ్డా? మెల్లగ కూసో" అన్నారు. పద్దెనిమిది నిండకపోతే చట్టం దృష్టిలో ఇద్దరూ మైనర్లే. పద్దెనిమిదేళ్ల లోపు భార్యతో సంబంధమైనా అత్యాచారమేనని సుప్రీంకోర్టు 2017లోనే తేల్చింది. అయినా తాడున్న పిల్లను వయసెంతని కూడా గట్టిగా అడగరు, లేని పిల్లకు ప్రశ్నలే ప్రశ్నలు. మాట తీరు వయసును బట్టో, గర్భం వారాలను బట్టో మారితే అర్థముంది. మన దగ్గర తాడును బట్టి మారుతోంది.

డాక్టర్లకూ ఒక టెన్షన్ ఉంది, కాదనలేం. పిల్లలపై లైంగిక నేరాలను ఆపడానికి తెచ్చిన పోక్సో చట్టం 19వ సెక్షన్ ప్రకారం మైనర్ గర్భంతో వస్తే పోలీసులకు సమాచారం ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆరు నెలల దాకా జైలు. అందుకే చాలామంది నోటి నుంచి వచ్చే మొదటి మాట "మాకెందుకీ కేసు, పెద్దాసుపత్రికి పోండి". కానీ 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు దీనికి దారి చూపింది. మైనర్, ఆమె సంరక్షకులు కోరితే డాక్టర్ పోలీసులకిచ్చే సమాచారంలో ఆమె పేరు, వివరాలు వెల్లడించనక్కర్లేదు. ఈ ఒక్క మాట ఓపీ గదిలో నెమ్మదిగా చెబితే సగం భయం పోతుంది. "ఎవరికీ చెప్పం" అని అబద్ధపు హామీ ఇవ్వమని నేననడం లేదు. ఏది ఎవరికి చెప్పాల్సి వస్తుందో, ఏది దాచవచ్చో ముందే చెప్పమంటున్నా. గర్భం తీయించుకున్నామె పేరు డాక్టర్ బయటపెడితే ఏడాది దాకా శిక్ష పడుతుందని గర్భవిచ్ఛిత్తి చట్టంలోనే ఉంది. లైన్‌లో అందరికీ వినబడేలా అడిగేవారికి ఆ సంగతి ఎవరైనా చెప్పారా?

ఇక పద్దెనిమిది, పందొమ్మిదేళ్ల వాళ్ల కథ వేరు. ఆరోగ్యశాఖ లెక్కలో వాళ్లు ఇంకా కౌమారంలోనే ఉన్నారు, చట్టం లెక్కలో మేజర్లు. గర్భం తీయించుకోవడానికి వాళ్ల సంతకం ఒక్కటే చాలు. అయినా "మీ అమ్మను తీస్కరా", "ఆయన సంతకం పెట్టాలె" అని తిప్పి పంపుతుంటారు. మైనర్‌కైతే సంరక్షకుల రాతపూర్వక అంగీకారం తప్పనిసరి.

తిప్పి పంపితే నష్టం వారాల్లో కనబడుతుంది. తొమ్మిది వారాల్లోపైతే మాత్రలతో అయిపోతుంది. ఇరవై దాకా ఒక డాక్టర్ అభిప్రాయం చాలు. ఇరవై నుంచి ఇరవై నాలుగు వారాల మధ్య ఇద్దరు కావాలి, మైనర్లకు ఆ వెసులుబాటు ఉంది. అదీ దాటితే చాలాసార్లు హైకోర్టు మెట్లెక్కాల్సిందే. ఏటూరునాగారం వైపు నుంచి బస్సెక్కి వచ్చిన పిల్ల ఒక మాట పడి వెనుదిరిగితే, మళ్లీ ఎప్పుడొస్తుంది? రాకపోతే దొరికేది ఆర్‌ఎంపీ, లేదంటే మెడికల్ షాపులో పేరు చెప్పకుండా కొనే మాత్రలు. గంటకు రెండు ప్యాడ్లు నిండుతూ రెండు గంటలు వరుసగా రక్తం పోతే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలని ఆ షాపులో ఎవరు చెబుతారు?

లోపల డాక్టరమ్మలు చేసే పొరపాటు ఇంకొకటి. తల్లి వైపు తిరిగి మాట్లాడతారు. "ఎన్ని రోజులైందట? నొప్పి ఉందటనా?" కడుపు ఎవరిదో వాళ్లను అడగరు. తల్లిని రెండు నిమిషాలు బయట కూర్చోబెట్టి, "నీకిది ఇష్టమేనా? నిన్నెవరైనా బలవంతపెట్టారా?" అని అడిగితేనే అసలు సంగతి బయటికొచ్చేది. రోజుకు వంద చీటీలు చూసే ఓపీలో టైమ్ లేదంటారు. నిజమే. తిట్టడానికి పట్టే టైమ్ కూడా అంతే.

చీటీ తీసుకోకుండా వెళ్లిపోయిన పిల్లను మర్నాడు ఇంకో ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి స్టాఫ్ నర్స్ తలుపు దగ్గరికి వేసి, కుర్చీ జరిపి, "ఏమన్న తిన్నవా బిడ్డా?" అని అడిగింది. తర్వాత పోలీసులకు ఏం చెప్పాల్సి ఉంటుందో, పేరు లేకుండా ఎలా రాస్తారో వివరించింది. రెండు రోజులుగా నోరు విప్పని పిల్ల అప్పుడు మొదటిసారి మాట్లాడింది. "సోమవారం ప్రాక్టికల్స్ ఉన్నయి మేడం, పోవచ్చా?"