‘నీ దగ్గర మంచి కెమెరా ఉందిగా’ గారికి బహిరంగ లేఖ

మహారాజశ్రీ ‘నీ దగ్గర మంచి కెమెరా ఉందిగా’ గారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ నేను క్షేమంగా లేను. మీరు మాత్రం ఎవరో ఒకరి నోట్లో నిక్షేపంగా ఉండే ఉంటారు. మీకేం, అన్నవాళ్లకు ఖర్చు లేదు, విన్నవాళ్లకు నిద్ర లేదు.

మనకు పరిచయమై నేటికి నలభై రోజులు. ఆ రోజు మీరు మా పిన్ని గొంతులో ఫోన్లోంచి దిగారు. "మన చిన్నదాని పెళ్లి కుదిరిందిరా. ఫొటోలకి మళ్లీ ఎవర్నో పిలవడం ఎందుకు? నీ దగ్గర మంచి కెమెరా ఉందిగా, నువ్వే తీసెయ్" అంది. ఆ ‘తీసెయ్’ చూశారా? గుమ్మంలో అడ్డంగా ఉన్న చెప్పులు పక్కకి తీసెయ్ అన్నంత తేలిగ్గా ఉంది. నేనూ తక్కువ తినలేదు. "అదెంత పని పిన్నీ!" అన్నాను. మునగచెట్టు ఎక్కించింది మీరే, కాదనను. కొమ్మ మీద కాలు మీద కాలేసుకుని కూర్చున్నది మాత్రం నేనే.

ఇంతకీ నా ఫొటోగ్రఫీ అంటే ఏమిటో మీరెప్పుడైనా విచారించారా? నాలుగేళ్లుగా నేను తీసినవి పువ్వులు, సూర్యాస్తమయాలు, గోడ మీద నిద్రపోయే ఒక పిల్లి. ఈ ముగ్గురికీ ఉన్న సుగుణం ఒకటే, తొందరలేకపోవడం. పువ్వు సరిగ్గా రాకపోతే పక్క పువ్వుని తీసుకుంటాను. ఇవాళ్టి సూర్యుడు చెడితే రేపు మళ్లీ వస్తాడు. పిల్లి సంగతి సరేసరి. పెళ్లిలో అలా కుదరదు కదా. "ఫోకస్ తప్పిందండీ, ఇంకోసారి చేసుకుంటారా?" అని వధూవరుల్ని అడగలేను.

మీ పూర్వీకుల గురించి కాస్త వాకబు చేశాను. 1888లో జార్జ్ ఈస్ట్‌మన్ అనే ఆయన కొడాక్ కెమెరాని జనం చేతిలో పెట్టి, "మీరు బటన్ నొక్కండి, మిగతాది మేం చూసుకుంటాం" అన్నాడు. మీ ముత్తాత ఆ మాటే అని నా అనుమానం. అయితే ఆయనలో నిజాయితీ ఉంది. ఆ కెమెరాలో 100 ఫొటోల రోల్ ఉండేది. అది అయిపోగానే కెమెరా మొత్తాన్నీ ఫ్యాక్టరీకి పంపిస్తే, అక్కడివాళ్లు ఫొటోలు కడిగి, అచ్చేసి, కొత్త రోల్ ఎక్కించి తిరిగి పంపేవాళ్లు. అంటే ‘మిగతాది’ చూసుకోవడానికి ఒక ఫ్యాక్టరీయే ఉంది. మీ హయాం వచ్చేసరికి బటన్ నొక్కేదీ నేనే, ఆ ఫ్యాక్టరీ కూడా నేనే.

పైగా మీ వాక్యంలో నేనెక్కడ ఉన్నాను? వెతికి వెతికి అలిసిపోయాను. ‘నీ దగ్గర’ అన్నచోట నేను కెమెరా పెట్టుకునే అల్మారాని, అంతే. ఫొటో బాగా వస్తే "కెమెరా మంచిది కదా మరి" అంటారు. పాడైతే "అంత మంచి కెమెరా ఉండి ఏం లాభం, వాడికి తియ్యడం రాదు" అంటారు. పేరు దానికి, తిట్లు నాకు. ఇంత చక్కటి పంపకం ఏ పెద్దమనుషులు చేశారో తెలీదు.

సరే, ఒప్పుకున్నాక తప్పుతుందా? ఇంట్లో రిహార్సల్ మొదలుపెట్టాను. రెండు కుర్చీలు పక్కపక్కన వేసి, ఒకదాని మీద తెల్ల తువ్వాలు, రెండోదాని మీద నల్ల రైన్‌కోటు కప్పాను. వీళ్లే నా వధూవరులు. తువ్వాలుని విడిగా తీస్తే బూడిదరంగులో వచ్చింది. రైన్‌కోటుని తీస్తే అదీ బూడిదరంగే. మీ ‘మంచి కెమెరా’ రహస్యం అప్పుడు బయటపడింది. లోపల వెలుతురు కొలిచే మీటరు తన ముందు ఏది పెట్టినా అది మధ్యరకం బూడిదరంగే అనుకుని లెక్క కడుతుంది. ఉతికిన తెలుపైనా, కాటుక నలుపైనా దానికి ఒకటే. అందుకని తెలుపుకి ఒక స్టాప్ పెంచాలి, అంటే వెలుతురు రెట్టింపు చెయ్యాలి; నలుపుకి ఒక స్టాప్ తగ్గించాలి, అంటే సగం చెయ్యాలి. మరి ఇద్దరూ ఒకే ఫ్రేములో కూర్చుంటే ఎవరి మాట వినాలి? (పెళ్లయ్యాక కూడా ప్రశ్న ఇదేననుకోండి.) చివరికి బట్టల్ని వదిలేసి మొహం మీద పడే వెలుతురుకి కొలత పెట్టుకోవడం నేర్చుకున్నాను. కుర్చీలకి మొహాలు లేవు కాబట్టి మా ఆవిడని కూర్చోబెట్టాను. పదో ఫొటోకి ఆవిడ మొహంలో కూడా వెలుతురు తగ్గింది.

తర్వాత నడక. హాల్లో ఒక్క లైటు ఉంచి, మావాణ్ణి ఆ చివర నుంచి ఈ చివరకి నడవమన్నాను. షట్టర్‌ని, అంటే వెలుతురుని లోపలికి వదిలే తెరని, సెకనులో 30వ వంతు సేపు తెరిచి ఉండేలా పెడితే తల ఉంది, పాదాలు పొగలా కరిగిపోయాయి. 60వ వంతులో మనిషి వచ్చాడు గానీ ఊపిన చెయ్యి రాలేదు. 125వ వంతుకి వెళ్తే అన్ని అవయవాలూ హాజరయ్యాయి, ఫొటో మాత్రం చీకటి. వాడు ఇరవయ్యోసారి నడుస్తూ "నాన్నా, పెళ్లికూతురు ఇన్నిసార్లు నడుస్తుందా?" అని అడిగాడు. ఒక్కసారే నడుస్తుందిరా. అదే కదా నా బాధ.

వెలుతురు చాలక 50 ఎం.ఎం. లెన్స్ ఒకటి కొన్నాను. దాని కన్ను ఎఫ్ 1.8 దాకా తెరుచుకుంటుంది (ఈ అంకె ఎంత చిన్నదైతే కన్ను అంత పెద్దది). కెమెరాతో పాటు వచ్చిన లెన్స్‌ని అదే 50 ఎం.ఎం. దాకా జూమ్ చేస్తే ఎఫ్ 5.6 దగ్గరే ఆగిపోతుంది. తేడా దాదాపు పదిరెట్ల వెలుతురు! ఎగిరి గంతేశాను. గంతు కిందకి దిగేలోపే తెలిసింది, రెండు మీటర్ల దూరంలో ఉన్న మనిషి మీద ఈ లెన్స్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేస్తే, స్పష్టంగా ఉండే లోతు జానెడులో సగమే. వధువు కన్ను స్పష్టంగా ఉంటే, పక్కనే ఒక అడుగు వెనక్కి కూర్చున్న వరుడు ఎవరో దూరపు బంధువులా మసగ్గా ఉంటాడు. ఆయనకేమైనా పట్టింపులుంటే మీ పేరే చెప్తాను.

ఫ్లాష్ నాకు లేదు. నాతో పాటు ఉదయాన్నే పిట్టల ఫొటోలకి వచ్చే మిత్రుడి దగ్గర పాతదొకటి అరువు తెచ్చాను. మొదటి ఫొటోలోనే సగం తువ్వాలు మీద నల్లటి పట్టీ. ఫ్లాష్ చెడిందనుకుని ఆయనకి ఏం చెప్పాలా అని ఒక రాత్రంతా హడలిపోయాను. తప్పు ఫ్లాష్‌ది కాదు. చాలా కెమెరాల్లో షట్టర్ వేగం సెకనులో 200వ వంతు, మహా అయితే 250వ వంతు దాకానే ఫ్లాష్‌తో కలిసి నడుస్తుంది. అది దాటితే షట్టర్ తెర ఒక పక్క మూసుకుంటూ ఉండగానే మెరుపు వచ్చిపోతుంది, ఆ తెర నీడే నల్లపట్టీ. షట్టర్ వేగం తగ్గించుకుని ఫ్లాష్ తలని ఇంటి కప్పు వైపు తిప్పాను. వెలుతురు తెల్లటి కప్పుకి తగిలి వెన్నెలలా కిందకి జారింది. తువ్వాలు కూడా అందంగా కనబడింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

మర్నాడు పెళ్లి జరిగే హాలు చూడ్డానికి వెళ్లాను, సరిగ్గా ముహూర్తం వేళకి. కప్పు రెండంతస్తుల ఎత్తున ఉంది, పైగా ముదురు చెక్క. దూరం రెట్టింపైతే ఫ్లాష్ వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అంత దూరం వెళ్లి, ఆ చెక్కకి తగిలి, మళ్లీ కిందకి వచ్చేసరికి దాని దగ్గర మిగిలేది నా ధైర్యమంత. వధూవరులు కూర్చునే చోటు వెనక పెద్ద కిటికీ, దాంట్లోంచి ఎండ. అంటే మొహాలు నల్లగా, కిటికీ మాత్రం దేదీప్యమానంగా వస్తాయి. కుర్చీలు రెండడుగులు పక్కకి జరపొచ్చా అని అడుగుదామనుకునేలోపు హాలు మేనేజరు వచ్చి "ఫొటోగ్రాఫర్ మీరేనా?" అన్నారు. ఎవరా అని వెనక్కి తిరిగి చూశాను.

గ్రూపు ఫొటోల దగ్గరికి వద్దాం. లిస్టు ఇవ్వమంటే పిన్ని "లిస్టేంటిరా, అందరివీ తియ్యి" అంది. నా దగ్గర లెక్కుంది అన్నాను. ఆస్ట్రేలియాలో నిక్ స్వెన్సన్, పియర్స్ బార్న్స్ అని ఇద్దరు, గ్రూపులో ఎవరూ కళ్లు మూయని ఫొటో ఒక్కటైనా దక్కాలంటే ఎన్ని తియ్యాలో లెక్కకట్టి, 2006లో ఇగ్ నోబెల్ బహుమతి (ముందు నవ్వించి, తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకి ఇచ్చేది) తెచ్చుకున్నారు. ఇరవైమంది లోపు గ్రూపైతే, వెలుతురు బాగుంటే మందిని మూడుతో భాగించాలి, బాగోకపోతే రెండుతో. పద్ధెనిమిది మందికి మా హాల్లో తొమ్మిది ఫొటోలు. యాభై మంది దాటితే ఆశ వదులుకోవడమేనట. ఒక్కో గ్రూపుని పోగేసి, నిలబెట్టి, "మావయ్య ఏడీ?" అని వెతికి, ఫోన్ మాట్లాడుతున్న మావయ్యని లాక్కొచ్చేసరికి తక్కువలో తక్కువ మూడు నిమిషాలు. ఇరవై గ్రూపులకి గంట. నాకిచ్చింది ఇరవై నిమిషాలు. ఇదంతా చెప్తే పిన్ని చాలా శ్రద్ధగా విని, "సర్లే, నీ కెమెరా మంచిదిగా, గబగబా తీస్తుందిలే" అంది. మీరు మళ్లీ వచ్చారు!

పెళ్లికూతురు మాత్రం నయం. "ఏ ఫొటో లేకపోతే నీకు బాధగా ఉంటుంది?" అని అడిగాను. కాసేపు ఆలోచించి, "నాన్నమ్మ నవ్వుతున్నది ఒక్కటి చాలన్నయ్యా. కెమెరా చూస్తే బిగుసుకుపోతుంది. మా ఇంట్లో ఉన్నవన్నీ పాస్‌పోర్టు ఫొటోల్లానే ఉంటాయి" అంది. అప్పటినుంచి నాకు లెన్సులూ స్టాపులూ కాదు, ఆ పెద్దావిడ ఎక్కడ కూర్చుంటుంది, ఎవరొస్తే పలకరించి నవ్వుతుంది అన్నదే ధ్యాస. ఆవిడ చెల్లెలు పొరుగూరి నుంచి వస్తుందట. ఆ గుమ్మం దగ్గరే దూరపు లెన్స్‌తో కాపు వేద్దామని నిర్ణయించుకున్నాను. మీరు ఈ విషయంలో ఏమీ సాయం చెయ్యలేరని తెలుసు.

ఇక సంచి. పెళ్లికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్లినట్టు అంటారు, నాకది పదికిలోల పిల్లి. బ్యాటరీలు నాలుగు. మెమరీ కార్డులు మూడు, ఒక్కోటి 64 జీబీ. నా 24 మెగాపిక్సెల్ కెమెరాలో రా ఫైల్ (కెమెరా కుదించకుండా ఉన్నదున్నట్టు దాచే పచ్చి ఫొటో) ఒక్కోటి పాతిక నుంచి ముప్పై ఎంబీ తింటుంది, అంటే కార్డుకి రెండువేల పైచిలుకు ఫొటోలు. అన్నీ ఒకే పెద్ద కార్డులో వేస్తే సులువే. ఆ కార్డు కాస్తా మొండికేస్తే పెళ్లి మొత్తం పోతుంది. నా కెమెరాలో కార్డు పెట్టే చోటు ఒక్కటే మరి. రెండు చోట్లుండి, ఒకేసారి రెండు కార్డుల్లోకి రాసే కెమెరాలు ఉన్నాయి. వాటిని మంచి కెమెరాలంటారు. ఈ మాట మా పిన్నికి చెప్పకండి.

రేపే పెళ్లి. బ్యాటరీలు చార్జింగులో పచ్చదీపాలు వెలిగించి కూర్చున్నాయి. కార్డులు ఫార్మాట్ చేశాను, చేశానో లేదోనని మళ్లీ చేశాను.

ఇట్లు,
మీ వల్ల ఫొటోగ్రాఫర్ అయిన
ఒక అల్మారా

తా.క.: రాత్రి పదకొండింటికి భయం పట్టలేక, ఫ్లాష్ ఇచ్చిన మిత్రుడికి ఫోన్ చేశాను. కెమెరా చెడిపోతే దిక్కెవరు, రెండోవాడు ఉండాలి కదా. ఏదేదో చెప్పబోతే నోట్లోంచి ముందు మీరే దూకారు. "ఏమోయ్, నీ దగ్గర కూడా మంచి కెమెరా ఉందిగా, రేపొకసారి వచ్చెయ్" అన్నాను.

పాపం, "అదెంత పని!" అన్నాడు.