సెల్ టవర్ పడిపోయాక మీ ఫోన్ ఏం చెబుతుంది?

వారం రోజులుగా మా గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. బావ పంపాడు, కాలేజీ స్నేహితులు పంపారు, నిన్న మా వీధి గ్రూపులో రెండుసార్లు వచ్చింది. "తుపాను రేడియోల పేరుతో డబ్బు తగలేయకండి" అని మొదలై అయిదు కారణాలు చెబుతుంది. ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉందట. ఫోన్‌కి సిగ్నల్ లేకపోయినా ప్రభుత్వ అలర్ట్ మోగుతుందట. తుపానుకి రేడియో స్టేషన్ కూడా పడిపోతుందట. రేడియో ఉన్న ఇంటి మీద పిడుగు పడుతుందట. హ్యాండిల్ తిప్పే రేడియోలు శుద్ధ దండగట. పంపినవాళ్లందరూ శ్రీకాకుళం జిల్లావాళ్లే. 2013లో ఫైలిన్, 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ, మూడూ అక్టోబరు రెండో వారంలోనే చూసినవాళ్లు.

పిడుగు సంగతి ఒక్క ముక్కలో తేల్చేస్తాను. ఇంట్లో బల్ల మీద బ్యాటరీతో పలికే రేడియో పిడుగును పిలవదు. డాబా మీదికి ఏరియల్ తీగ లాగి ఉంటే ఉరుముల వేళ దాన్ని ముట్టుకోకండి, అంతే.

నాకు మండిపోయింది రెండో కారణం చూసి. సిగ్నల్ లేకపోయినా అలర్ట్ మోగుతుందన్న మాట నమ్మి మా ఊళ్లో ఒక్క ఇల్లు ధైర్యంగా కూర్చున్నా ప్రమాదమే. 2023లో మనందరి ఫోన్లూ ఒక్కసారి గట్టిగా మోగి "ఇది పరీక్ష మాత్రమే" అన్నాయి, గుర్తుందా? ఆ పద్ధతి మంచిదే, నేను కాదనను. నెట్ అక్కర్లేదు, రీచార్జ్ అయిపోయినా వస్తుంది, లైన్లు బిజీగా ఉన్నా వస్తుంది. కానీ దాన్ని పంపేది సెల్ టవరే. ఎవరో "నెట్ లేకపోయినా" అన్నది, నాలుగు చేతులు మారేసరికి "సిగ్నల్ లేకపోయినా" అయిపోయింది. ఆ రెండు మాటల మధ్య ఎంత తేడా ఉందో తిత్లీ చూసినవాళ్లకి వేరే చెప్పాలా?

2018 అక్టోబరు 11, తెల్లవారుజామున నాలుగున్నర, అయిదున్నర మధ్య పలాస దగ్గర తిత్లీ తీరం దాటింది. గంటకు 140, 150 కిలోమీటర్ల గాలి. మా కవిటిలో కరెంటు అంతకు ముందే పోయింది, తెల్లారేసరికి ఫోన్లూ మూగబోయాయి. కరెంటు లేకపోతే టవర్ బ్యాటరీ మీద కొన్ని గంటలు నడుస్తుంది, ఆ తర్వాత డీజిల్ కావాలి. కొబ్బరి చెట్లు, జీడి చెట్లు, స్తంభాలు రోడ్డుకి అడ్డంగా పడి ఉంటే డీజిల్ ఎవరు తెస్తారు? రెండో రోజు ఒకాయన జనరేటర్ పెట్టాడు. జనం క్యూ కట్టి ఫోన్లు నింపుకున్నారు. అందరి ఫోన్లలోనూ నూరు శాతం చార్జింగ్ ఉంది, ఒక్కదాంట్లోనూ సిగ్నల్ గీత లేదు.

ఇంకో సంగతి. గాలి ఆగిపోతే ఇక భయం లేదనుకుంటాం. కానీ ఆ తుపాను తీరం దాటి ఒడిశా కొండల మీద కురిసింది, ఆ నీరంతా వంశధారలోకి దిగింది. మా అక్కని కొత్తూరు వైపు, ఏటి గట్టు ఊరికి ఇచ్చాం. గాలి ఆగిన మర్నాడు పక్కింటి తాతగారి పాత రేడియోలో వార్తలు వింటుంటే వంశధారకి వరద వస్తోంది, గొట్టా బ్యారేజీ దగ్గర నీరు పెరుగుతోంది అని చెప్పారు. అమ్మ ఫోన్ పట్టుకుని అక్క నంబరు కొడుతూనే ఉంది, కొడుతూనే ఉంది. ఎక్కడో కవిటిలో ఉన్న మాకు తెలిసింది, ఏటి గట్టున ఉన్న అక్కకి తెలియలేదు. రాత్రి పెరట్లోకి నీళ్లొచ్చాక, ఆవులు అరిస్తే లేచారట. తాళ్లు విప్పడానికి చీకట్లో ముడులు దొరక్క బావ కత్తిపీటతో కోశాడట. అందరూ బతికారు. ఆ ఇంట్లో ఒక చిన్న రేడియో ఉండి ఉంటే పగటిపూటే గట్టు దాటి వచ్చేసేవారు. ఇప్పుడు చెప్పండి, అలర్ట్ సిగ్నల్ లేకుండా మోగుతుందా?

ఫోన్‌లో ఎఫ్‌ఎం ఉంది కదా అన్నదానికి ఒకసారి మీ ఫోన్ తీసి చూడండి. చాలామంది ఎఫ్‌ఎం అనుకునేది నెట్ మీద నడిచే యాప్. నిజంగా ఎఫ్‌ఎం ఉన్న ఫోన్‌కి కూడా ఇయర్‌ఫోన్స్ వైరే ఏరియల్, కొత్త ఫోన్లలో ఆ వైరు గుచ్చే కన్నమే తీసేస్తున్నారు. 2023 ఏప్రిల్‌లో కేంద్ర ఐటీ శాఖే ఫోన్ కంపెనీలకు, విపత్తుల్లో పనికొస్తుంది, ఎఫ్‌ఎం మూసేయకండి అని చెప్పాల్సి వచ్చింది. పైగా ఎఫ్‌ఎం ఎంతో దూరం రాదు. నేలను అంటిపెట్టుకుని చాలా దూరం వచ్చేది మీడియం వేవ్, అది ఏ ఫోన్‌లోనూ లేదు. ఆకాశవాణి విశాఖ కేంద్రాన్ని మనవాళ్లు ఏళ్ల తరబడి విన్నది దానిమీదే, 927 కిలోహెర్ట్జ్ దగ్గర. రేడియోలో ఏఎం అనో, ఎండబ్ల్యూ అనో రాసి ఉంటుంది, కొనేటప్పుడు అది చూడండి. ఎల్ఈడీ బల్బులు, ఇన్వర్టర్లు నడుస్తుంటే మీడియం వేవ్‌లో గరగర వస్తుంది. ఊరంతా కరెంటు పోయిన రాత్రి అదే స్టేషన్ శుభ్రంగా పలుకుతుంది. సరిగ్గా మనకి కావాల్సిన రాత్రి!

స్టేషన్ కూడా పడిపోతుందన్నది మాత్రం ఒప్పుకోవాల్సిందే. పడిపోవచ్చు. ఇంకో మాట కూడా ఒప్పుకుంటాను, ఆ మెసేజ్ రాసినవాళ్లకి తట్టనిది: స్టేషన్ నడిచినా మన మండలం పేరు, మన ఊరి పేరు చెప్పే కార్యక్రమాలు మునుపటిలా లేవు. గంటల తరబడి విన్నా మన రోడ్డు తెరిచారో లేదో తెలియకపోవచ్చు. అది నాకూ బాధే. కానీ డయల్ తిప్పితే ఇంకో స్టేషన్ దొరుకుతుంది. రాత్రిపూట మీడియం వేవ్ ఇంకా దూరం నుంచి వస్తుంది, 837 మీద విజయవాడ, 972 మీద కటక్ వెతకండి. ఇచ్ఛాపురం, కవిటి వైపు ఒడియా తెలియని ఇల్లు ఎన్ని ఉన్నాయి?

హ్యాండిల్ రేడియోల విషయంలో కూడా ఆ మెసేజ్‌లో సగం నిజం ఉంది. ఆన్‌లైన్‌లో "వెదర్ బ్యాండ్" అని గొప్పగా రాసి అమ్మేవాటిలో ఆ బ్యాండ్ అమెరికా వాతావరణ శాఖ ప్రసారాల కోసం, 162 మెగాహెర్ట్జ్ దగ్గర. ఇక్కడ అందులో ఏమీ రాదు, దానికోసం అదనంగా డబ్బు పెట్టకండి. రెండు పెన్సిల్ బ్యాటరీలతో నడిచే మామూలు చిన్న రేడియో చాలు. రోజుకి నాలుగుసార్లు పావుగంట చొప్పున విన్నా వారం పైనే వస్తాయి. బ్యాటరీలు లోపల పెట్టి వదిలేస్తే కారిపోయి స్ప్రింగులు చిలుం పడతాయి, తీసి పక్కన కవర్లో ఉంచండి. సరిగ్గా వినబడకపోతే రేడియోనే మెల్లగా పక్కకి తిప్పి చూడండి, మీడియం వేవ్ ఏరియల్ దాని కడుపులోనే ఉంటుంది.

ఈ ఆదివారం మీ ఇంట్లో ఏ మూల ఏ స్టేషన్ వస్తుందో ఒకసారి పెట్టి చూసి, ఆ నంబరు రేడియో వెనక రాసి ఉంచండి. మా అమ్మకి చీకట్లో అంకెలు కనబడవని 927 దగ్గర గోళ్ల రంగుతో ఒక చుక్క పెట్టుకుంది. తిత్లీ తర్వాత అక్కకి కూడా ఒకటి కొని, అలాగే చుక్క పెట్టి పంపింది.